రెండోసారి స్విచ్ నొక్కే ముందు

(బెంగళూరులో స్థిరపడిన తెలుగు ఏరోమోడలింగ్ (రిమోట్‌తో నమూనా విమానాలు ఎగరేసే) అభిరుచిపరులు మారతహళ్లిలో ఒక ఆదివారం ఉదయం కలుసుకున్నప్పుడు, చిన్న జెట్ ఇంజిన్లు స్టార్ట్ కాకుండా మొరాయించడం గురించి చేసిన ప్రసంగం పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం, తిన్న ఇడ్లీ ఇంకా అరగకముందే, కిరోసిన్ గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే ముందుగా మీ ఇంట్లోవాళ్ళ ఓర్పుకు దండం పెట్టాలి. నేను ఈ ఊళ్ళోనే పెద్ద జెట్ ఇంజిన్ల టెస్ట్ బెడ్ మీద చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అప్పట్లో మా దగ్గరికి వచ్చే ఇంజిన్లను క్రేను పెట్టి దించేవారు. ఇప్పుడు ఈ బల్ల మీదున్నది కాఫీ ఫ్లాస్కు కన్నా పెద్దది కాదు. బరువు కిలో పైచిలుకు, తోసే బలం మాత్రం సుమారు 100 న్యూటన్లు, అంటే పది కిలోల బరువును గాలిలో నిలబెట్టేంత. పరిమాణంలో ఇంత తేడా ఉన్నా, స్టార్ట్ కానని మొండికేసేటప్పుడు రెండూ ఒకే తల్లి బిడ్డల్లా ప్రవర్తిస్తాయి.

ఎగరేయడం గురించి నా కన్నా మీకే బాగా తెలుసు కాబట్టి నేను దాని జోలికి పోను. ట్రాన్స్‌మిటర్ మీద స్విచ్ వేసిన క్షణం నుంచి ఇంజిన్ ఐడిల్‌లో, అంటే కనిష్ఠ వేగంలో, నిలకడగా తిరిగేదాకా పట్టే ఆ ఒక్క నిమిషం గురించే మాట్లాడతాను. అందులోనూ మొదటి ప్రయత్నం విఫలమయ్యాక, రెండోసారి స్విచ్ వేయబోయే ముందు, మన చేతులు ఏం చేయాలి అన్నదే నా అసలు విషయం.

పోయిన నెల హోసకోటె అవతల మనం ఎగరేసే మైదానంలో జరిగినది మీలో కొందరు కళ్ళారా చూశారు. మన అనంతపురం కుర్రవాడు ఇక్కడే ముందు వరసలో కూర్చున్నాడు, అతన్ని అడిగే చెబుతున్నాను. ఉదయం ఏడున్నరకు విమానాన్ని గాలికి ఎదురుగా పెట్టి స్విచ్ వేశాడు. స్టార్టరు గిర్రుమంది, ఇంజిన్ వెనక గొట్టం, అదే టెయిల్ పైపులోంచి తెల్లటి ఆవిరి సన్నగా వచ్చింది, కొద్ది సెకన్లకు ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు, తనంతట తానే చేతులెత్తేసింది. "మాస్టారూ, నిన్న సాయంత్రం నాలుగుసార్లు ఎగరేశాను, ఒక్కసారి కూడా ఇలా చేయలేదు" అన్నాడు. "బ్యాటరీ మళ్ళీ ఛార్జి చేశావా బాబూ?" అని అడిగాను. "నాలుగుసార్లకే అయిపోతుందా మాస్టారూ, పెద్ద బ్యాటరీ వేశాను కదా" అంటూనే రెండోసారి వేశాడు. మళ్ళీ అదే గిర్రు, ఈసారి ఇంకొంచెం చిక్కటి తెల్లటి ఆవిరి. మూడోసారి మాత్రం నిప్పు అంటుకుంది. అంటుకోవడమంటే మామూలుగా కాదు, నిలువు రెక్క ఎత్తున పసుపు మంట వెనక్కి ఎగదన్నింది, దానితోపాటు తోక భాగం రంగంతా అప్పడంలా పొంగింది.

ఆ తర్వాత ఈసీయూలో నమోదైన వివరాలు చూస్తే, మొదటి ప్రయత్నంలోనే కథంతా ఉంది. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ పూర్తిగా నిండితే 12.6 వోల్టులు చూపాలి. అతని బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 11 వోల్టులకు కాస్త అటూఇటూగా ఉండి, కరెంటుతో ఎర్రబడి నిప్పు రాజేసే గ్లో ప్లగ్, స్టార్టరు, పంపు కలిసి పనిచేసిన క్షణంలో 9 వోల్టుల కిందికి జారింది. మన ఊళ్ళో డిసెంబరు పొద్దున 15 డిగ్రీల చలి ఉంటుంది, అలాంటప్పుడు అరకొరగా నిండిన బ్యాటరీ మరింత నీరసపడుతుంది. గ్లో తగినంత ఎర్రబడలేదు, కిరోసిన్ మాత్రం వస్తూనే ఉంది. మొదటిసారి స్టార్ట్ కాకపోవడానికి కారణం బ్యాటరీ. మూడోసారి మంట రావడానికి కారణం ఆ ముందు రెండు ప్రయత్నాల్లో ఇంజిన్ లోపల చేరిన కిరోసిన్. మొదటిది యంత్రానికి వచ్చిన జబ్బు, రెండోది మనం అంటించిన జబ్బు. ఈ రెంటినీ విడదీసి చూడగలిగితే సగం పని అయినట్టే.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మనలో యాభై దాటినవాళ్ళు చిన్నప్పటి వంటింటిని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్ళు, పక్కన పంపు ఉండే కిరోసిన్ స్టవ్వు ప్రతి ఇంట్లో ఉండేది. అమ్మ ముందుగా బర్నరు కింద ఉన్న గిన్నెలో కాస్త స్పిరిటు పోసి వెలిగించి, ఆ మంట ఆరిపోబోతుండగా అప్పుడు పంపు కొట్టేది. తొందరపడి బర్నరు వేడెక్కకముందే కొడితే పచ్చి కిరోసిన్ చిమ్మి, మంట గోడ దాకా లేచి, గిన్నెల అడుగులన్నీ మసిబారేవి. బర్నరు వేడెక్కితే కిరోసిన్ ఆ గొట్టాల్లోనే ఆవిరై, రంధ్రంలోంచి నీలి మంటగా బుస్సుమని మండేది. రంధ్రం పూడుకుపోతే తీయడానికి ఒక సన్నటి పిన్ను కూడా స్టవ్వు పక్కనే ఉండేది.

మన ఇంజిన్ దహన గదిలో ఉన్నదీ అచ్చంగా అదే ఏర్పాటు. సన్నటి సూదుల్లోంచి కిరోసిన్ కొన్ని చిన్న గొట్టాల్లోకి పడుతుంది. ఆ గొట్టాలు మంటలోనే మునిగి ఉంటాయి కాబట్టి ఇంధనం వాటిలో ఆవిరై గాలితో కలిసి అవతల మండుతుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఇది తనను తాను వేడి చేసుకునే స్టవ్వు. చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఎవరో ఒకరు ముందుగా వేడి చేయాలి. పాత తరహా ఇంజిన్లలో ఆ పని ప్రొపేన్ గ్యాసు చేసేది. ఇప్పటి ఇంజిన్లలో పింగాణీ గ్లో ప్లగ్ మీద కొద్దికొద్దిగా కిరోసిన్ చల్లి, అక్కడే చిన్న మంట పుట్టించి, దానితో గొట్టాలను వేడి చేస్తారు. ఉష్ణోగ్రత పెరుగుతున్నదని ఈసీయూకు నమ్మకం కుదిరాక ప్రధాన ఇంధన వాల్వు తెరుచుకుంటుంది. మీకు టెయిల్ పైపులోంచి కనిపించే తెల్లటి ఆవిరి, నిప్పు దొరకని కిరోసిన్. అది కనిపించిందంటే ఇంధనం వస్తున్నది, నిప్పు లేదు అని అర్థం. అలాంటప్పుడు పంపును అనుమానించి సమయం వృథా చేసుకోవద్దు.

ఇంజిన్ బతుకులో ఈ నిమిషమే ఎందుకంత సున్నితమైనదన్న ప్రశ్న కూడా ఉంది. ఈ తరగతి ఇంజిన్ పూర్తి వేగంలో నిమిషానికి సుమారు 1,50,000 చుట్లు తిరుగుతుంది, ఐడిల్‌లో దాదాపు 35,000. గాలిని లోపలికి నొక్కే కంప్రెసర్ చక్రం పెంచే పీడనం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పావు వంతు వేగంలో అది పుట్టించే పీడనం పదహారో వంతు మాత్రమే. పూర్తి వేగంలో బయటి గాలిని దాదాపు మూడు రెట్లు నొక్కగలిగిన చక్రం, స్టార్టరు తిప్పే వేగంలో విసనకర్ర కన్నా పెద్ద పనేమీ చేయదు. గాలి తక్కువ, చల్లదనం తక్కువ, మంట వేడి గాలికి తిరిగి కంప్రెసర్‌ను నడిపే టర్బైన్ ఇంకా తన కాళ్ళ మీద తాను నిలబడలేదు. ఈ స్థితిలో ఇంధనం ఒక పాలు ఎక్కువైతే మంట దహన గదిలో ఇమడక టర్బైన్ దాటి బయటికి వస్తుంది. ఒక పాలు తక్కువైతే ఆరిపోతుంది.

ఇలా లోపల చేరిన ఇంధనం ఏం చేయగలదో జెట్ ఇంజిన్ పుట్టిన రోజుల్లోనే తెలిసింది. 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండులోని రగ్బీలో ఫ్రాంక్ విటిల్ తన మొదటి ఇంజిన్‌ను నడిపినప్పుడు, అది అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోయింది. ఇంధనం వాల్వు మూసేసినా ఆగలేదు, చుట్టూ ఉన్నవాళ్ళు హడలిపోయారు. తర్వాత వెతికితే, కారిన ఇంధనం ఇంజిన్ లోపల గుంటలా నిలిచిందనీ, అదంతా కాలిపోయేదాకా ఇంజిన్ ఆగలేదనీ తేలింది. అంటే వాల్వు మూసిన మాత్రాన ఇంధనం ఆగినట్టు కాదు, లోపల నిలిచినది ఖర్చు కావాలి. మన కుర్రవాడి విమానం తోక కాలినదీ, విటిల్ ఇంజిన్ పరుగు తీసినదీ ఒక్క కారణం వల్లనే. మహానుభావుల సరసన చేరావు కదా బాబూ, ఇక దిగులు పడకు.

కాబట్టి స్టార్ట్ విఫలమైన వెంటనే మొదటగా చేయవలసింది స్విచ్ నుంచి చేయి తీయడం. ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య చేత్తో తిప్పే మూత వాల్వు ఉంటే దాన్ని మూసేయాలి. ఆ తర్వాత లోపలి ఇంధనాన్ని బయటికి పంపాలి. చాలా ఇంజిన్లలో విమానం ముక్కు పైకెత్తి, టెయిల్ పైపు కిందికి వచ్చేలా పట్టుకుంటే కారుతుంది, కొన్నింటిలో వేరే వైపు వంచాలి. మీ ఇంజిన్ మాన్యువల్ ఏ వైపు చెబితే ఆ వైపు వంచండి. కింద ఒక పాత బనియను గుడ్డ పరచండి, ఎంత కారిందో మీకే కనిపిస్తుంది. రెండు మూడు చుక్కలు పడితే పరవాలేదు, గుడ్డ తడిసిందంటే మీరు ఒక మంటను తప్పించుకున్నారన్నమాట. ఆ తర్వాత గ్లో వెలగకుండా, ఇంధనం రాకుండా చూసుకొని, స్టార్టరుతో మాత్రమే కొన్ని సెకన్లు తిప్పితే మిగిలిన తడి ఆవిరై పోతుంది. ఇదంతా అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల్లో అసలు జబ్బేమిటో ఆలోచించడానికి తీరిక కూడా దొరుకుతుంది.

మంటలు ఆర్పే సిలిండరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రోజు ఒక పెద్దమనిషి పరుగున వచ్చి, తన కారులో ఉన్న ఎర్ర సిలిండరుతో ఇంజిన్ నోట్లోకి పొడి కొట్టారు. ఆ సిలిండరు ఏ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరిదో నేను అడగలేదు, మీరూ అడగవద్దు. మంట ఆరింది, నిజమే, కానీ ఆ పొడి బేరింగుల్లోకి, సూదుల్లోకి, టర్బైన్ రెక్కల మధ్యకు చేరి, రంగు వేస్తే సరిపోయేదాన్ని మొత్తం విప్పి కడగవలసిన పనిగా మార్చింది. మనకు కావలసింది కార్బన్ డయాక్సైడ్ సిలిండరు. దాన్ని గాలి లోపలికి పోయే, ఇంజిన్ ముందువైపు మూతిలోంచి కొట్టాలి, అప్పుడు ఏ మరకా మిగలదు. స్టార్టరు పనిచేస్తుంటే దాన్ని తిరగనివ్వడం ఇంకా మంచిది, చాలా మంటలు గాలికే వెనక్కి పోయి ఆరిపోతాయి.

ఇక జబ్బు వెతకడం. ఈసీయూ తెర మీద ఎన్నో అంకెలు కనిపిస్తాయి గానీ, స్టార్ట్ సమయంలో నేను మూడింటినే చూస్తాను: వోల్టేజి, ఉష్ణోగ్రత, చుట్లు. ఈ మూడింటిలో ఏది కదలవలసినప్పుడు కదలలేదు అన్నదే ప్రశ్న. ఉష్ణోగ్రత కదలకపోతే నిప్పు పుట్టలేదు, లేదా పుట్టినా ఈసీయూకు తెలియలేదు. ఉష్ణోగ్రత పెరిగి చుట్లు పెరగకపోతే ఏదో పట్టి లాగుతున్నది. వోల్టేజి కుంగితే మిగతా రెండూ చూడక్కర్లేదు, ముందు బ్యాటరీ మార్చండి.

తెల్లటి ఆవిరి లేదు, ఉష్ణోగ్రతా కదలలేదు అంటే ఇంధనమే రావడం లేదు. అందులో నూటికి తొంభైసార్లు గాలి బుడగలే దోషులని నా అనుభవం. ట్యాంకు నుంచి పంపు దాకా ఉండే ట్యూబులో పంపు చూషిస్తుంది, అంటే అక్కడ ఏ అతుకు వదులుగా ఉన్నా ఇంధనం బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. కారడం లేదు కదా, అతుకులన్నీ బాగున్నాయి అనుకోవడం అందుకే పొరపాటు. ట్యూబును బ్లేడుతో నిటారుగా, అంచు వంకర లేకుండా కోయాలి. కత్తెరతో కోస్తే అంచు కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది, ఆ సందులోంచి గాలి పోతుంది. ఎండలో ట్యూబును కంటికి ఎదురుగా పట్టుకుంటే ఆవగింజంత బుడగ కూడా మెరుస్తుంది. మనకు అది ఆవగింజే గానీ, సెకనుకు చుక్కల లెక్కన ఇంధనం తాగే దశలో ఉన్న ఇంజిన్‌కు ఒక గుటక తప్పిపోయినట్టు.

ట్యూబులో గాలి ఉందని తెలిశాక చాలామంది చేసే పని, పంపును చేత్తో నడిపించి గాలి పోయేదాకా ఇంధనాన్ని ముందుకు నెట్టడం. ఆ పని చేసేటప్పుడు ఇంజిన్ వైపు ట్యూబును తీసి ఒక సీసాలో పెట్టండి. తీయకుండా నడిపిస్తే ట్యూబులోని గాలి పోతుంది, ఆ వెనకే వచ్చిన కిరోసిన్ ఇంజిన్ కడుపులోకి చేరుతుంది. పొద్దున మొదటి స్టార్ట్‌లోనే మంట వచ్చిందని చెప్పేవాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న, పంపు ఎలా నడిపించారు అని. రెండో ప్రశ్న, రాత్రంతా నిండు ట్యాంకుతో విమానాన్ని కారులో ఎలా పడుకోబెట్టారు అని. కరెంటుతో తెరుచుకునే సోలనాయిడ్ వాల్వు సీటు మీద ఇసుక రేణువంత మురికి చేరినా అది పూర్తిగా మూసుకోదు. ట్యాంకు ఇంజిన్ కన్నా ఎత్తులో ఉంటే తెల్లారేసరికి దానంతటదే ఇంజిన్‌లోకి దిగుతుంది.

ఫిల్టరు సంగతి అందరికీ తెలిసినదే కాబట్టి త్వరగా దాటేస్తాను. మనం కిరోసిన్‌లో నూటికి అయిదు పాళ్ళ దాకా టర్బైన్ ఆయిలు కలుపుతాం, ఇరవై లీటర్లకు ఒక లీటరు సీసా, ఎందుకంటే బేరింగులకు వేరే నూనె దారి లేదు, ఈ ఇంధనమే వాటిని తడపాలి. రెండు నెలలు వాడకుండా పక్కన పెడితే ఆ నూనె పంపు పళ్ళ మధ్య, ఫిల్టరు జల్లెడ మీద జిడ్డులా పట్టుకుంటుంది. పంపు తక్కువ వోల్టేజిలో కదలనంటుంది, మనం దాని వోల్టేజి పెంచుతాం, అది ఒక్కసారిగా విడిపోయి అవసరమైన దానికి రెట్టింపు పోస్తుంది. పెంచే ముందు పంపును విడిగా సీసాలోకి రెండు నిమిషాలు నడిపిస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇప్పుడు కాస్త తీరిగ్గా చెప్పవలసిన విషయం, ఉష్ణోగ్రతను కొలిచి ఈసీయూకు చెప్పే తీగల జత, మనల్ని మోసం చేసే థర్మోకపుల్ గురించి. చెన్నై నుంచి ఒక మిత్రుడు ఒక ఇంజిన్ తెచ్చారు. గ్లో బాగుంది, ఇంధనం బాగుంది, టెయిల్ పైపులో నీలి మంట మన కంటికి కనిపిస్తున్నది, అయినా ఈసీయూ ప్రతిసారీ నిప్పు అంటలేదని ఆపేస్తున్నది. "ఈసీయూ పోయిందండీ, కొత్తది తెప్పించుకోవాలి" అని ఆయన అప్పటికే ఖర్చుకు సిద్ధపడిపోయారు. నేను వేడి సాల్డరింగ్ ఐరన్‌ను థర్మోకపుల్ కొనకు ఆనించి తెర చూశాను. 28 డిగ్రీలు చూపుతున్నది 20కి, 10కి దిగింది. ఇనుము కాలుతుంటే ఇంజిన్‌కు చలి వేస్తున్నది! తీగలు తారుమారయ్యాయి, అంతే. నెల క్రితం ఒక తీగ తెగితే ఆయనే అతికారట, ఎరుపు ప్లస్, రెండోది మైనస్ అని. మనకు చిన్నప్పటి నుంచి ఎరుపంటే ప్లస్సే కదా. ఈ ఇంజిన్లలో ఉండే కె రకం థర్మోకపుల్‌కు అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. ఐరోపా పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. రంగు మీద నమ్మకం లేకపోతే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. మైనస్ తీగ అల్యుమెల్ అనే మిశ్రమ లోహం, దానికి అయస్కాంతం మెల్లగా అంటుకుంటుంది. ప్లస్ తీగ క్రోమెల్, అది అంటదు. ఈ పరీక్షకు ఫ్రిజ్ తలుపు మీద బొమ్మ అయస్కాంతం సరిపోతుంది. ఆయన కొనబోయిన ఈసీయూ ధరతో పోలిస్తే చౌకే.

థర్మోకపుల్ కొన టెయిల్ పైపులోకి ఎంత చొచ్చుకొని ఉండాలో మాన్యువల్ చెబుతుంది. ప్రయాణంలో అది బయటికి జారితే అంచున ఉన్న చల్లగాలిని చదివి, లోపల మండుతున్నా ఇంకా చల్లగా ఉందని చెబుతుంది. దాని మాట నమ్మి ఈసీయూ మరింత ఇంధనం పోస్తుంది. తప్పుడు సాక్ష్యం చెప్పే సాక్షి కన్నా సాక్షి లేకపోవడమే నయం, ఎందుకంటే తీగ పూర్తిగా తెగితే ఈసీయూ అసలు స్టార్టే మొదలుపెట్టదు.

ఉష్ణోగ్రత పెరిగి చుట్లు పెరగని కేసుల్లో ముందుగా చెవితో వినండి. స్టార్టరు మోటారు కీచుమని హెచ్చు స్థాయిలో అరుస్తూ, తెర మీద చుట్లు మాత్రం కొన్ని వేల దగ్గరే ఆగిపోతే, స్టార్టరును ఇంజిన్ చక్రానికి పట్టించే క్లచ్ జారుతున్నది. క్లచ్ మూతిలో ఉండే రబ్బరు ఓ-రింగ్ అరిగి నునుపెక్కినా, కంప్రెసర్ ముందు నట్టు మీద నూనె తేమ చేరినా, పట్టు పోతుంది. ఆ ఓ-రింగ్ చిటికెన వేలి గోరంత ఉంటుంది, పది రూపాయల వస్తువు. దాని కోసం స్టార్టరు వోల్టేజి పెంచుకుంటూ పోయినవాళ్ళను చూశాను. నట్టును స్పిరిటుతో తుడిచి, కొత్త ఓ-రింగ్ వేసి, తర్వాత మాట్లాడదాం. మోటారు మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే బ్యాటరీ లేదా బేరింగు. చుట్లు సున్నా చూపుతూ చక్రం మాత్రం కళ్ళ ముందే తిరుగుతుంటే, చుట్లు లెక్కపెట్టే సెన్సరు తీగ చూడండి.

ఇంజిన్ అంటుకుంటుంది, స్టార్టరు తోడుతో 20,000 చుట్ల దాకా లేస్తుంది, అక్కడ నిలిచిపోయి ఇక పైకి రాదు, ఉష్ణోగ్రత మాత్రం ఎక్కుతూ పోతుంది. దీన్ని హంగ్ స్టార్ట్ అంటాం. టర్బైన్ ఇచ్చే బలమంతా కంప్రెసర్‌ను, ఘర్షణను మోయడానికే సరిపోయి, పైకి లేవడానికి ఏమీ మిగలని స్థితి ఇది. చెన్నైలో బంగారంలా నడిచి బెంగళూరుకు రాగానే ఇలా చేసే ఇంజిన్లు ఉన్నాయి, దానికి ఊరి నీళ్ళు పడలేదు అనడం సగం సరదాకే గానీ, పడనిది గాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం సుమారు 910 హెక్టోపాస్కల్స్, చెన్నైలో 1,010 ప్రాంతం. అంటే ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఇక్కడి గాలి పదో వంతు పలచన. చెన్నై మధ్యాహ్నపు ఎండ అక్కడి గాలిని కూడా పలచబరుస్తుంది కాబట్టి తేడా కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. స్టార్ట్ సమయంలో ఇంధనం పెంచే మెట్లను ఈసీయూ చాలావరకు ముందే నిర్ణయించిన పంపు వోల్టేజితో ఎక్కుతుంది. ఇంధనం చెన్నై లెక్కన వస్తుంది, గాలి బెంగళూరు లెక్కన వస్తుంది, మంట ఎక్కువ, తోపు తక్కువ. ఇలాంటప్పుడు ఆ మెట్లను కాస్త నెమ్మది చేయడం న్యాయమైన సవరణ. ఈసీయూ అమరికలను ముట్టుకోవలసిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

అరుదైన అని ఎందుకన్నానంటే, నిన్న నడిచిన ఇంజిన్ ఇవాళ నడవకపోతే అమరికలు రాత్రికి రాత్రి వాటంతట అవి మారిపోవు. ఏదో వస్తువు మారింది. బ్యాటరీ దిగింది, ట్యూబు జారింది, రబ్బరు అరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు అమరికలు మార్చేస్తే, రేపు ఆ చిన్న లోపం సరిదిద్దాక కూడా ఇంజిన్ సరిగ్గా నడవదు, ఎందుకంటే ఇప్పుడు లోపం అమరికల్లో ఉంది. మార్చక తప్పకపోతే పాత అంకెలను కాగితం మీద రాసుకొని మార్చండి. ఫోనులో ఫొటో తీసినా సరే, కానీ ఆ ఫొటో పెళ్ళి ఫొటోల మధ్య పోకుండా చూసుకోండి.

బేరింగుల గురించి ఒక మాట. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్టరు ఆగాక చక్రం ఎలా ఆగుతుందో వినండి. ఆరోగ్యమైన బేరింగు సన్నగా ఈలవేస్తూ నిదానంగా ఆగుతుంది. చివర్లో గరగరమని ఒక్కసారిగా ఆగితే దాన్ని మళ్ళీ స్టార్ట్ చేయవద్దు, సర్వీసుకు పంపండి. హోసకోటె వైపు రాగి కోతల తర్వాత గాలిలో పొట్టు, ఎర్రమట్టి దుమ్ము ఎగురుతుంటాయి, గాలి మూతికి జల్లెడ లేకుండా అక్కడ ఎవరూ స్టార్ట్ చేయకపోతే సంతోషిస్తాను. దిగిన వెంటనే బ్యాటరీ పీకేయడం కూడా బేరింగుల మీద పగ తీర్చుకోవడమే. ఇంజిన్ ఆపాక ఈసీయూ స్టార్టరును అప్పుడప్పుడు తిప్పుతూ ఉష్ణోగ్రతను 100 డిగ్రీల చుట్టుపక్కలకు తెచ్చేదాకా ఆగాలి. మధ్యలో పీకితే టర్బైన్ వేడి షాఫ్టు గుండా ముందుకు పాకి బేరింగులోని నూనెను మాడుస్తుంది. తర్వాతి స్టార్ట్ ఎందుకు బరువుగా ఉందని అప్పుడు మనం ఆశ్చర్యపోతాం.

కొత్త ట్రాన్స్‌మిటర్ కొన్నవాళ్ళకు ఇంకో చిన్న మాట: ఈసీయూ తెర మీద "ట్రిమ్ లో" (Trim Low) అని కనిపిస్తే ఇంజిన్‌ను విప్పకండి. థ్రాటిల్ కర్ర పరిధిని ఈసీయూకు మళ్ళీ నేర్పిస్తే చాలు. మా దగ్గరికి ఇంజిన్ మొత్తం సంచిలో ముక్కలుగా తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఒకప్పుడు ఇవన్నీ లేకుండానే ఇంజిన్లు నడిచాయి. జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ అనే ఆయన ప్లైవుడ్‌తో కంప్రెసర్ చక్రం చేసి, దానికి కార్బన్ ఫైబర్ చుట్టి, ఇంట్లో తయారు చేసిన ఇంజిన్‌ను విమానంలో ఎగరేశాడు. ఆయన దగ్గర మనకున్నంత ఎలక్ట్రానిక్స్ లేదు కాబట్టి చెవులు, కళ్ళు, చేతుల మీద ఆధారపడ్డాడు. మనకు తెర మీద అంకెలున్నాయి, వాటిని చదివే ఓపిక ఒక్కటి చేర్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు వెనక ఖాళీ స్థలంలో ఈ ఇంజిన్‌ను స్టాండుకు బిగించి నడిపిస్తాను. మొదటి స్టార్ట్‌ను కావాలనే పాడుచేస్తాను. చూషణ వైపు ట్యూబు అతుకు ఒకటి కాస్త వదులు చేసి ఉంచాను, ఏ లక్షణాలు కనిపిస్తాయో మీరే చెప్పాలి. రెండోసారి నేను స్విచ్ వేయబోయేటప్పుడు మీలో ఎవరైనా ఆపితే ఇంతసేపు మాట్లాడినందుకు ఫలితం దక్కినట్టే. టెయిల్ పైపు వెనకా, టర్బైన్ చక్రానికి సరిగ్గా పక్కగానూ ఎవరూ నిలబడవద్దు, ముందు వైపు ఏటవాలుగా నిలబడండి. పిల్లల చెవులకు మఫ్లర్లు బయట బల్ల మీద ఉన్నాయి. బ్యాటరీ ఇంకా ఛార్జరు మీదే ఉంది, 12.6కి రావడానికి పది నిమిషాలు పట్టేట్టుంది, ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.